'కాంప్లెక్స్ ఈవెంట్ ప్రాసెసింగ్' - అర్థసందిగ్ధత: తెలుగు వ్యాకరణ దృష్టితో ఒక వివరణ

వ్యాససంగ్రహం:
కంప్యూటర్ శాస్త్రంలో 'కాంప్లెక్స్ ఈవెంట్ ప్రాసెసింగ్' అనే పారిభాషికపదం భిన్నార్థాలతో వాడుకలో ఉంది. ఈ సందిగ్ధతకు కారణాలను సమాసవిగ్రహం, ధాత్వర్థం, వాక్యనిర్మాణం అనే మూడు కోణాల్లో పరిశీలించి, తెలుగులో తగిన పదాన్ని సూచించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: పరిభాష, ఘటన, సంక్లిష్టం, సంశ్లిష్టం, అసమాపకక్రియ.

1. ఉపోద్ఘాతం:
బ్యాంకులు, స్టాక్ మార్కెట్లు, రవాణా, సైబర్ భద్రత వంటి రంగాల్లో క్షణక్షణం వచ్చిపడే సమాచారాన్ని అప్పటికప్పుడే పరిశీలించి, అందులోని అర్థవంతమైన సంబంధాలను పట్టుకొనే సాంకేతికత ఇది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ఆచార్యులు డేవిడ్ లక్‌హమ్ 2002లో వెలువరించిన 'ది పవర్ ఆఫ్ ఈవెంట్స్' గ్రంథంతో ఈ పేరు బహుళ ప్రచారంలోకి వచ్చింది. ప్రచారంతో పాటు అపార్థాలూ పెరిగాయి. తెలుగులో సాంకేతిక పాఠ్యాంశాలను, అనువాదాలను రూపొందించేవారు ఈ అపార్థాలను గుర్తించకపోతే, పొరపాటు అర్థమే మన పరిభాషలో స్థిరపడిపోతుంది.

2. సమాసవిగ్రహంలో భేదం:
ఈ పేరును 'సంక్లిష్ట ఘటనా పరిశీలన' అని తెలుగు చేశామనుకుందాం. దీనికి రెండు విగ్రహవాక్యాలు చెప్పవచ్చు.

అ) సంక్లిష్ట ఘటనల యొక్క పరిశీలన.
ఆ) ఘటనల యొక్క సంక్లిష్టమైన పరిశీలన.

మొదటిదానిలో 'సంక్లిష్ట' అనేది ఘటనకు విశేషణం. రెండవదానిలో పరిశీలనకు విశేషణం. ఆంగ్లపదబంధంలోనూ ఇదే సందిగ్ధత ఉంది. రెండవ అర్థాన్ని తీసుకుంటే, కఠినమైన గణనలు చేసే ఏ వ్యవస్థకైనా ఈ పేరు పెట్టవచ్చు. లక్‌హమ్ ఉద్దేశించినది మొదటి అర్థం. అనేక చిన్న ఘటనల సముదాయానికి ప్రతినిధిగా నిలిచే పెద్ద ఘటనే ఆయన దృష్టిలో 'కాంప్లెక్స్ ఈవెంట్'.

'ఈవెంట్' అనే మాటలోనూ మరొక ద్వంద్వం ఉంది. లోకంలో జరిగిన సంగతినీ, దానిని కంప్యూటర్‌లో సూచించే నమోదునూ ఒకే మాటతో వ్యవహరిస్తున్నారు. ఖాతాదారు డబ్బు తీయడం ఘటన. ఆ సమయం, స్థలం, మొత్తం తెలిపే సందేశం ఆ ఘటనకు నమోదు. నమోదు ఆలస్యంగా చేరవచ్చు, చేరకపోనూవచ్చు. కాబట్టి ఈ రెంటినీ వేరుగా చూడటం అవసరం.

3. సంక్లిష్టమా? సంశ్లిష్టమా?:
'క్లిశ్' ధాతువుకు బాధపడటం, బాధపెట్టడం అని అర్థాలు. 'క్లిష్టం', 'క్లేశం' దీని నుంచి వచ్చినవే. 'శ్లిష్' ధాతువుకు కలియడం, అంటుకొని ఉండటం అని అర్థం. 'శ్లేష', 'సంశ్లేషణ' దీనికి సంబంధించినవి. ఈ సాంకేతికతలోని ఘటన కష్టమైనది కానక్కరలేదు. అనేక ఘటనల కలయిక కావడమే దాని లక్షణం. అందువల్ల 'సంశ్లిష్ట ఘటన' అనడం ధాత్వర్థానికి అనుగుణంగా ఉంటుంది.

అయితే 'సంక్లిష్ట' శబ్దాన్ని పూర్తిగా తోసిపుచ్చలేము. మన వ్యాకరణంలో 'సంక్లిష్టవాక్యం' అంటే కఠినవాక్యం కాదు. ఒకటి కంటే ఎక్కువ వాక్యాలు అసమాపకక్రియల ద్వారా కలిసి ఏర్పడిన వాక్యం. ఈ పారిభాషికార్థం తెలిసినవారికి 'సంక్లిష్ట ఘటన' కూడా సుబోధకమే. లోకవ్యవహారంలోని 'కష్టం' అనే అర్థం ముందుకు రావడమే చిక్కు.

4. అసమాపకక్రియలతో సామ్యం:
ఒక ఉదాహరణ: "ఒకే కార్డుతో హైదరాబాదులోని దుకాణంలో కొనుగోలు చేసి, పది నిమిషాల్లోనే విశాఖపట్నంలోని దుకాణంలోనూ కొనుగోలు చేస్తే, మోసం జరిగినట్లు అనుమానించాలి." విడివిడిగా చూస్తే రెండు కొనుగోళ్లూ సాధారణమైనవే. వాటిమధ్య ఉన్న కాలసంబంధం, స్థలసంబంధం కలిసి 'అనుమానాస్పద లావాదేవీ' అనే సంశ్లిష్ట ఘటనను ఏర్పరుస్తున్నాయి.

ఇక్కడ 'చేసి' అనే క్త్వార్థకం పూర్వాపరక్రమాన్ని, 'చేస్తే' అనే చేదర్థకం నియమాన్ని తెలుపుతున్నాయి. శత్రర్థకం ఏకకాలికతను, 'చేయక', 'చేయకుండా' వంటి వ్యతిరేకరూపాలు జరగకపోవడాన్ని తెలుపుతాయి. ఈ సాంకేతికతలో రాసే నియమాలూ ప్రధానంగా ఈ సంబంధాలనే వ్యక్తం చేస్తాయి. ఒక భేదం మాత్రం గమనించాలి. 'జరగలేదు' అని యంత్రం నిర్ణయించాలంటే ఎంతసేపు వేచిచూడాలో ముందే గడువు విధించాలి. గడువు లేని నిరీక్షణకు అంతముండదు.

5. ఏది సంశ్లిష్ట ఘటన కాదు?:
భద్రాచలం వద్ద గోదావరి నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి, 48 అడుగులకు రెండవ, 53 అడుగులకు మూడవ ప్రమాదహెచ్చరిక జారీచేస్తారు. ఒక కొలతను ఒక హద్దుతో పోల్చే ఈ నియమం ఎంతో విలువైనదే గాని, అది సంశ్లిష్ట ఘటనను గుర్తించడం కాదు. ఎగువన కురిసిన వర్షం, ఉపనదుల ప్రవాహం, ఎగువకేంద్రాల్లో కొన్ని గంటలుగా పెరుగుతున్న మట్టం - వీటి క్రమాన్ని కలిపి చూసి, నీరు హద్దును చేరకముందే 'వరద రానున్నది' అని ఒక వ్యవస్థ గ్రహిస్తే, అది సంశ్లిష్ట ఘటనను గుర్తించినట్లు. మొదటిదానికి రెండవదాని పేరు పెడితే, లేని ముందుచూపు ఉందని జనం నమ్మే ప్రమాదం ఉంది.

అలాగే సమాచారరాశి అధికంగా ఉండటం, వేగంగా రావడం మాత్రమే ఈ పేరుకు అర్హత కాజాలవు. కోటి కొలతల సగటు తీయడం ప్రవాహసమాచార గణన అవుతుంది. వాటిమధ్య సంబంధాన్ని గుర్తించి కొత్త ఘటనను నిర్ధారించినప్పుడే ఈ పేరు సార్థకమవుతుంది.

6. ముగింపు:
• ఈ పదబంధంలోని విశేషణం ఘటనకే చెందుతుంది, పరిశీలనకు కాదు.
• 'సంశ్లిష్ట ఘటనా పరిశీలన' అనే పదం మూలార్థానికి సన్నిహితం. 'సంక్లిష్ట' శబ్దాన్ని వాడేవారు దాని వ్యాకరణార్థాన్ని తొలి ప్రస్తావనలోనే వివరించడం మంచిది.
• ఘటనకూ, దాని నమోదుకూ వేర్వేరు పదాలు పాటించాలి.

పరిభాషానిర్మాణం నిఘంటువులో సమానపదం వెదకడంతో పూర్తికాదు. విగ్రహవాక్యం చెప్పగలిగినప్పుడే పదం మనదవుతుంది. సాంకేతికశాస్త్రాల అనువాదంలో తెలుగు వ్యాకరణ పరిశోధకులు చేయవలసిన పని ఇంకా ఎంతో ఉన్నదని ఈ ఒక్క పదమే నిరూపిస్తున్నది.