వారపు నియమము: హెచ్చు చేసినను మానరాదు

ఒక పనిని వారమునకు ఇంతయని నిర్ణయించుకొని చేయువారికి రెండు విధములైన చిక్కులు కలుగును. మొదటిది ఎల్లవారును ఎరిగినదే. అది పని వెనుకబడుట. జ్వరము వచ్చును, వాన పట్టును, చేతిలో పైకము లేకపోవును, నియమము తప్పును. రెండవది పని ముందుపడుట. ఒక వారమున అనుకొన్నదానికంటె హెచ్చు జరుగును. అప్పుడు మనస్సు, “ఈ వారమే రెండు వారముల పని యైనది గదా! వచ్చు వారము మానినను లెక్క సరిపోవును” అని చెప్పును. వెనుకబడినవాడు తన లోపమును ఎరుగును గనుక దానిని దిద్దుకొన యత్నించును. ముందుపడినవాడు తాను లోపము చేయుచున్నట్లు తలంపడు. కావున ఈ రెండవ చిక్కు చప్పుడు లేకుండ అలవాటును చెరచును.

తోటలో పనిచేయు ఒక కుటుంబము బిడ్డల చదువునకై వారమునకు 50 రూపాయలు డబ్బాలో వేయుటకు నిశ్చయించుకొన్నదనుకొనుడు. ఆకు బాగుగా దొరకిన ఒక వారమున వారు 150 రూపాయలు వేసిరి. మూడు వారముల సొమ్ము ఒక్కమారే చేరినదని సంతోషించి, తరువాతి రెండు వారములు ఏమియు వేయరైరి. ఆ రెండు వారముల 50 రూపాయలును అంగడిలో వేరు దారి చూచుకొనెను. నాలుగవ వారము వచ్చునప్పటికి ఆ ఖర్చు ఇంటికి అలవాటయ్యెను, డబ్బా వైపు చేయి సాగదయ్యెను. సొమ్ము లెక్క తప్పలేదు గాని అలవాటు తప్పినది. అలవాటు తప్పిన యింటివారు పాఠశాల తెరచు దినమున అప్పులవాని వాకిట నిలువవలసివచ్చును.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఈ సంగతిని గ్రహించి నడచుకొన్నవారిలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఒకడు. ఇతడు 1706వ సంవత్సరమున బోస్టను నగరమున సబ్బులు, క్రొవ్వువత్తులు చేయువాని యింట పుట్టెను. పదియేండ్ల ప్రాయముననే బడి మాని తండ్రి దుకాణమున పనికి కుదిరెను. తరువాత అచ్చుపని నేర్చి, ఫిలడెల్ఫియా నగరమున స్థిరపడెను. యౌవనమున తన నడవడిని దిద్దుకొనదలచి మితాహారము, మౌనము, క్రమము, దృఢనిశ్చయము, మితవ్యయము, పరిశ్రమ మున్నగు 13 గుణములను ఒక చిన్న పుస్తకమున వ్రాసికొనెను. ప్రతి పుటయందును వారమునకు ఏడు నిలువు గడులు, గుణములకు 13 అడ్డు వరుసలు గీచెను. ప్రతి సాయంకాలమును ఆ దినము జరిగిన తప్పులను తలంచుకొని, ఆ యా గడిలో నల్లని చుక్క పెట్టుచుండెను.

అతడు 13 గుణములను ఒక్కమారే సాధింపబూనలేదు. తోటలో కలుపు తీయువాడు తోటనంతయు ఒక్కనాడే పెరికివేయ యత్నింపక, ఒక మడి ముగించి మరియొక మడికి పోవునట్లు, వారమునకొక గుణమును శ్రద్ధతో సాధింపవలెనని తలంచెను. ఆ చొప్పున 13 వారములకు ఒక ఆవృత్తి, సంవత్సరమునకు నాలుగు ఆవృత్తులు జరుగును. మొదటి వారమున మొదటి వరుసలో చుక్క పడకున్నచో ఆ గుణము కొంత బలపడినదని యెంచవలెను. కాని అంతటితో దానిని విడువరాదు. రెండవ వారమున రెండవ గుణమును చేర్చుకొని, రెండు వరుసలును చుక్కలు లేకుండ చూచుకొనవలెను. ఇదియే అతని పద్ధతిలోని సారము. జయించిన వారము తరువాతి వారమునకు సెలవు కాలేదు.

ఆవృత్తి మరల మొదలైనప్పుడు పాత చుక్కలను గీకివేయుటచేత ఆ కాగితములకు చిల్లులు పడెను. అందుచేత అతడు దంతపు పలకలపై ఎఱ్ఱని గీతలు గీచి, పెన్సిలుతో చుక్కలు పెట్టి, తడిగుడ్డవంటి స్పంజితో తుడుచుచుండెను. అతడు ఈ నియమమును ఎల్లకాలము జరిపినవాడు కాడు. కొంతకాలమునకు సంవత్సరమునకు ఒక్క ఆవృత్తియే జరిగెను. పిమ్మట ప్రయాణములచేతను కార్యభారముచేతను అదియును నిలిచెను. క్రమము అను గుణము తనకు ఎన్నడును చక్కగా అబ్బలేదని అతడే స్వీయచరిత్రయందు ఒప్పుకొనెను. ఐనను ఆ చిన్న పుస్తకమును ఎల్లప్పుడును వెంట నుంచుకొనెను. ఆ ప్రయత్నము చేయకున్నచో తానెంతటి వాడై యుండునో అంతకంటె మేలైనవాడనైతినని 79వ యేట వ్రాసెను.

కూలి విషయమునను ఈ చిక్కు కనబడును. న్యూయార్కు నగరమున అద్దె టాక్సీలు నడపువారిని గూర్చి నలుగురు ఆర్థికశాస్త్రజ్ఞులు 1997లో ఒక పరిశోధనమును ప్రకటించిరి. బేరములు బాగుగా దొరకిన దినమున అనేకులు అనుకొన్న సొమ్ము చేతబడగానే ముందుగా ఇంటికి పోవుచున్నారనియు, బేరములు దొరకని దినమున ఎక్కువసేపు తిరుగుచున్నారనియు వారు వ్రాసిరి. దినమునకిన్ని గంటలని ఒకే తీరున నడపినచో, మొత్తము గంటలు పెరుగకయే హెచ్చు ఆర్జించియుందురని వారి లెక్క. తరువాతి పండితులలో కొందరు దీనితో ఏకీభవింపలేదు. అయినను లాభము కలిగిన దినమే మనుష్యుని చేతిని ఆపునను మాట ఆలోచింపదగినది.

చేయి ఆపని దానికి మిసిసిపీ రాష్ట్రపు చాకలిపని చేసిన యొక స్త్రీ సాక్షి. ఆమె పేరు ఓసియోలా మెకార్టీ. ఆమె 1908లో పుట్టి, హ్యాటీస్‌బర్గు పట్టణమున పెరిగెను. రోగియై వచ్చిన పినతల్లికి సేవచేయుటకై ఆరవ తరగతిలో బడి మానెను. నాటినుండి 1994 వరకు, 86 ఏండ్లు వచ్చి కీళ్ల నొప్పులు అడ్డుపడు వరకు, ఇతరుల బట్టలు ఉదికెను. మొదట బట్టల మూటకు ఒకటి రెండు డాలర్లే వచ్చుచుండెను. రెండవ ప్రపంచయుద్ధానంతరము కూలి పెరిగెను. కూలి పెరిగినదని ఆమె ఖర్చు పెంచలేదు, మునుపటి సొమ్ము చాలునని దాచుట మానలేదు. నెలకొకమారు బ్యాంకునకు పోయి, ఖర్చునకు వలసినంత ఉంచుకొని, తక్కినది జమకట్టెను. వేసినదానిని కదల్పలేదు.

1995లో ఆమె తన సొమ్మును పది భాగములుగా పంచుటకు నిశ్చయించినప్పుడు బ్యాంకు ఉద్యోగి పది నాణెములను ఆమె యెదుట పెట్టెను. ఒకటి దేవాలయమునకు, మూడు బంధువులకు, ఆరు దక్షిణ మిసిసిపీ విశ్వవిద్యాలయమునకని ఆమె చూపెను. ఆ ఆరు భాగములును 150,000 డాలర్లు. ఆ విశ్వవిద్యాలయము 1965 వరకు ఆమె జాతివారిని విద్యార్థులుగా చేర్చుకొనలేదు. తాను మానిన చదువు బీదవారి బిడ్డలకు దొరకవలెనని ఆమె ఆ సొమ్మిచ్చెను. 1999లో ఆమె మరణించెను.

ఒక వారము తప్పినచో సర్వము చెడినదని దిగులుపడ నక్కరలేదు. లండను విశ్వవిద్యాలయ కళాశాల పరిశోధకులు 96 మందిని 12 వారములు పరిశీలించి 2010లో ప్రకటించిన ఫలితముల చొప్పున, క్రొత్త అలవాటు నాటుకొనుటకు సగటున 66 దినములు పట్టెను. కొందరికి 18 దినములే చాలెను. కొందరికి 254 దినములు పట్టునని అంచనా కట్టిరి. నడుమ ఒక్క దినము తప్పుటవలన పెద్ద హాని కలుగలేదు.

కావున వారపు నియమము పెట్టుకొను కుటుంబములకు నాలుగు సంగతులు మేలు చేయును. మొదట, మంచి వారమును బట్టి గాక చెడ్డ వారమున సయితము నెరవేర్పగలిగినంత కొలత నిర్ణయింపవలెను. రెండవది, హెచ్చు చేరిన సొమ్మును వేరొక డబ్బాలో వేయవలెను. అది రోగమునకును పండుగకును ఉపయోగపడును గాని, వచ్చు వారపు బాకీ క్రింద చెల్లదు. మూడవది, ఒక్క వారము బాగుగా జరిగినదని కొలతను వెంటనే పెంచరాదు. ఫ్రాంక్లిన్ ఆవృత్తివలె 13 వారములు నడపి, పిమ్మట ఆలోచింపవలెను. నాలుగవది, తప్పిన వారపు పనిని మరునాటి మీద రెట్టింపుగా మోపక, వచ్చు వారము మామూలు కొలతతోనే మొదలుపెట్టవలెను.

దేహము అలసిన వారమున విశ్రాంతి తీసికొనుట తప్పు కాదు. అట్టి వారమున 50కి బదులు 5 రూపాయలు వేసినను, నాలుగు పుటలకు బదులు ఒక్క పుట చదివినను, చేయి దారి మరువదు. నిరుడు బాగుగా పండిన చెట్టునకు సయితము ఈ యేడు కలుపు తీయకున్నచో ఆకు రాదని తోటపనివారికి వేరుగా చెప్ప నక్కరలేదు.