హజ్రత్ ఉమర్ (రజి) తలుపు తట్టిన వార్త

ఫజ్ర్ నమాజు ముగిసీ ముగియగానే జేబుల్లోంచి ఫోన్లు బయటికి రావడం మేము రోజూ చూస్తున్నాము. తస్బీహ్ పూర్తికాకముందే ఎక్కడిదో ఒక వీడియో చేతులు మారుతుంది. మా చేయి కూడా కొన్నిసార్లు జేబు వైపు వెళ్తుందని ఒప్పుకోవాలి. నిత్యం వార్తలు తెలుసుకోవడం మేలా, కాలహరణమా అని విద్యార్థులు అడిగినప్పుడు సహీహ్ బుఖారీ విద్యా ప్రకరణంలోని ఒక ఉదంతం చెబుతుంటాము.

హజ్రత్ ఉమర్ (రజి) మదీనా శివారులోని అవాలీ ప్రాంతంలో నివసించేవారు. ఆయన, పొరుగున ఉన్న ఒక అన్సారీ సహాబీ వంతులు వేసుకున్నారు. ఒకనాడు ఒకరు దైవప్రవక్త (సఅసం) సన్నిధికి వెళ్లి, ఆనాటి వహీని, ఇతర సమాచారాన్ని రెండవవారికి తెచ్చి చెప్పేవారు. మరునాడు రెండవవారి వంతు. వార్త పట్ల వారికి అంతటి శ్రద్ధ. అయినా దానికోసం ఇద్దరూ ప్రతిరోజూ జీవనోపాధిని విడిచిపెట్టలేదు.

ఒక రాత్రి ఆ పొరుగువారు తలుపు గట్టిగా బాదారు. ఘోరం జరిగిందన్నారు. గస్సాన్ వారు దండెత్తి వచ్చారా అని ఉమర్ (రజి) అడిగారు. ఆ రోజుల్లో మదీనాను పట్టి పీడిస్తున్న భయం అదే. అంతకన్నా పెద్ద విషయమే, దైవప్రవక్త (సఅసం) తమ సతీమణులకు విడాకులిచ్చారు అన్నారాయన. చెప్పినవారు అబద్ధాలకోరు కాదు, సహాబీ. మస్జిద్‌లో మింబర్ చుట్టూ కొందరు ఏడుస్తూ కూర్చున్నారు కూడా. ఉమర్ (రజి) తన కుమార్తె హఫ్సా (రజి)ను అడిగారు. తనకు తెలియదన్నారామె. దైవప్రవక్త (సఅసం) ఏకాంతంగా ఉన్న పైగదికి వెళ్లి మూడుసార్లు అనుమతి కోరినా జవాబు రాలేదు. వెనుదిరుగుతుండగా పిలుపు వచ్చింది. నిలబడే అడిగారు. విడాకులివ్వలేదని తెలిసింది. నెల రోజులు సతీమణులకు ఎడంగా ఉంటానన్న ప్రమాణం మాత్రమే జరిగింది.

ఉమర్ (రజి) మస్జిద్ ద్వారం వద్ద నిలబడి ఆ నిజాన్ని బిగ్గరగా చాటారని సహీహ్ ముస్లింలో ఉంది. నిసా సూరా 83వ ఆయత్ అవతరణనూ ఆ ఉల్లేఖనం ఈ సంఘటనతోనే ముడిపెట్టింది. శాంతి వార్తయినా, భయం వార్తయినా చెవిన పడగానే చాటేయడాన్ని ఆ ఆయత్ తప్పుపడుతుంది.

మా విద్యార్థులకూ దినపత్రికను వంతులవారీగానే అప్పగించాము. అస్ర్ తర్వాత ఒకరు చెబుతారు, తక్కినవారు వింటారు. మిగిలిన సమయం పాఠాలదే. "వెళ్లి అడగడానికి మనకు ఆ పైగది లేదు కదా?" అన్నాడొక బాలుడు. అడగగలిగిన చోట అడుగు, అడగలేనిదాన్ని నీ నోట మరొకరికి చేరనీయకు, అందులో బాధితులుంటే దుఆ చేయి అన్నాము. అతడు తృప్తి పడినట్లు కనిపించలేదు. మరునాడు తన వంతు కాకపోయినా పత్రిక పట్టుకొని వచ్చి, ఒక వార్తపై వేలుంచి, ఇది రాసినవారు స్వయంగా చూశారా అని అడిగాడు.