ఎక్సెల్ ఫైల్ అప్‌లోడ్ అయింది.. మరి డేటా మొత్తం ఎక్కిందా? ఒక్క సున్నా పోయినా చిక్కే!

ఆఫీసులో ఎక్సెల్ షీట్ రెడీ చేస్తారు. వెబ్‌సైట్‌లో అప్‌లోడ్ బటన్ నొక్కుతారు. ‘సక్సెస్’ అని మెసేజ్ వస్తుంది. ఇక పని అయిపోయిందనుకుంటారు. కానీ ఫైల్ అప్‌లోడ్ అవ్వడం వేరు, అందులోని వివరాలు ఉన్నవి ఉన్నట్టుగా డేటాబేస్‌లోకి చేరడం వేరు. ఈ తేడాను పట్టించుకోకపోతే ఒకరి స్కాలర్‌షిప్ ఆగిపోవచ్చు, ఇంకొకరి జీతం వెనక్కి వెళ్లొచ్చు. బ్రిటన్‌లో అయితే కరోనా సమయంలో ఏకంగా 15,841 కేసులు కొన్ని రోజుల పాటు లెక్కలోకే రాలేదు. అసలు తేడా ఎక్కడ కొడుతుంది? దాన్ని ముందే ఎలా పట్టుకోవాలి?

బ్రిటన్‌లో ఏం జరిగింది?

2020 సెప్టెంబర్ 25 నుంచి అక్టోబర్ 2 మధ్య జరిగిన ఘటన ఇది. ల్యాబ్‌లు కరోనా టెస్టుల ఫలితాలను సీఎస్‌వీ ఫైళ్లుగా పంపేవి. సీఎస్‌వీ అంటే కామాలతో వేరు చేసిన మామూలు టెక్స్ట్ ఫైల్. పబ్లిక్ హెల్త్ ఇంగ్లాండ్ వాటిని ఎక్సెల్ షీట్‌లోకి లాగి, అక్కడి నుంచి సెంట్రల్ సిస్టమ్‌కు పంపేది.

చిక్కంతా ఆ మధ్యలో ఉన్న ఎక్సెల్ షీట్‌తోనే వచ్చింది. అది పాత ఎక్స్‌ఎల్‌ఎస్ ఫార్మాట్‌లో ఉంది. ఆ ఫార్మాట్‌లో ఒక షీట్‌కు 65,536 వరుసలే పడతాయి. ఒక్కో కేసుకు ఒకటి కాదు, చాలా వరుసలు పట్టేవి. దాంతో సుమారు 1,400 కేసులకే షీట్ నిండిపోయింది. మిగతావి బయటే ఉండిపోయాయి.

పాజిటివ్ వచ్చినవాళ్లకు తమ రిజల్ట్ అందింది. కానీ వాళ్లతో కలిసి తిరిగినవారిని వెతికే సిబ్బందికి మాత్రం ఆ పేర్లు ఆలస్యంగా చేరాయి. అంటే వైరస్ అంటుకునే అవకాశమున్న చాలామందికి ఆ రోజుల్లో హెచ్చరిక ఫోన్ వెళ్లలేదు. తర్వాత పెద్ద ఫైళ్లను చిన్నచిన్నవిగా విడగొట్టి పంపడం మొదలుపెట్టారు.

కొత్త ఎక్సెల్ ఫార్మాట్‌లో 10,48,576 వరుసలు పడతాయి. అయినా అసలు పాఠం వరుసల లిమిట్ గురించి కాదు. ‘పంపినవి ఎన్ని, చేరినవి ఎన్ని’ అని ఏ రోజుకారోజు పోల్చే ఏర్పాటు ఉంటే ఇలాంటి తేడా మొదటి రోజే బయటపడుతుంది.

ఎక్సెల్‌కు, డేటాబేస్‌కు తేడా ఏంటి?

ఎక్సెల్ సెల్‌లో ఏదైనా టైప్ చేయొచ్చు. పేరు రాయాల్సిన చోట నంబర్ రాసినా అది అడ్డు చెప్పదు. పైగా టైప్ చేసింది తేదీనా, అంకెనా, మాటనా అని తనే ఊహించి మార్చేస్తుంది. డేటాబేస్ పద్ధతి వేరు. అక్కడ ప్రతి కాలమ్‌కు ముందే రూల్ ఉంటుంది. ఇది తేదీ, ఇది నంబర్, ఇది ఖాళీగా ఉండకూడదు అని. ఎక్సెల్ ఊహ తప్పితే తప్పుడు వివరమే డేటాబేస్‌లోకి వెళ్తుంది. అది కూడా రూల్‌కు సరిపోతే ఎలాంటి ఎర్రర్ రాదు!

మన షీట్లలో ఎక్కువగా తప్పేవి ఇవే

- ముందున్న సున్నాలు: ఖాతా నంబర్ 00123తో మొదలైతే ఎక్సెల్ దాన్ని అంకెగా తీసుకుని ముందున్న సున్నాలు తీసేస్తుంది. పేమెంట్ ఫెయిల్ అయ్యాక గానీ ఎవరికీ తెలియదు.

- పొడవైన నంబర్లు: ఆధార్‌లా 12 అంకెలు ఉంటే కుదించి చూపిస్తుంది. అలాగే సీఎస్‌వీగా సేవ్ చేస్తే కుదించిన రూపమే ఫైల్‌లోకి వెళ్తుంది. 15 అంకెలు దాటితే ఆ తర్వాతి అంకెలన్నీ సున్నాలైపోతాయి. 16 అంకెల ఖాతా నంబర్‌లో చివరి అంకె గల్లంతైనట్టే.

- డోర్ నంబర్లు: ఇంటి నంబర్ 4-12 అని కొడితే డిసెంబర్ 4 అనుకుంటుంది. ఎక్సెల్ తేదీలను లోపల ఒక సంఖ్యగా దాచుకుంటుంది. 2024లో అలా కొట్టి ఉంటే, డేటాబేస్‌కు చేరేసరికి ఆ ఇంటి నంబర్ 45630 అయిపోయే ప్రమాదం ఉంది.

- తేదీలు: 03/04/2024 అంటే మనకు ఏప్రిల్ 3. అమెరికా సెట్టింగ్ ఉన్న కంప్యూటర్‌కు మార్చి 4. రెండూ సరైన తేదీలే కాబట్టి ఎవరూ పట్టుకోలేరు.

- అడ్రస్‌లో కామా: సీఎస్‌వీలో అడ్రస్ చుట్టూ కొటేషన్ గుర్తులు లేకపోతే, అందులోని కామా దగ్గర కొత్త కాలమ్ మొదలవుతుంది. ఊరి పేరు పిన్‌కోడ్ గడిలో పడుతుంది.

- తెలుగు అక్షరాలు: ఫైల్ యూటీఎఫ్-8లో సేవ్ కాకపోతే పేర్లు ప్రశ్నార్థకాలుగానో, పిచ్చి గుర్తులుగానో మారతాయి. డీటీపీ సెంటర్లలో పాత అను ఫాంట్లతో కొట్టిన పేర్లదీ అదే పరిస్థితి. అవి యూనికోడ్ కాదు కాబట్టి ముందుగా కన్వర్ట్ చేయాల్సిందే.

ఈ ఆటోమేటిక్ మార్పులతో శాస్త్రవేత్తలూ విసిగిపోయారు. కొన్ని జన్యువుల పేర్లను ఎక్సెల్ నెలల పేర్లనుకుని తేదీలుగా మార్చేస్తుండటంతో, 2020లో ఆ జన్యువుల పేర్లే మార్చాల్సి వచ్చింది. ఇలాంటి మార్పులను ఆపుకునే ఆప్షన్‌ను మైక్రోసాఫ్ట్ 2023లో తీసుకొచ్చింది.

మంచి వెబ్‌సైట్ డేటాను ఎలా తీసుకుంటుంది?

బాగా తయారు చేసిన వెబ్ అప్లికేషన్ ఫైల్‌ను నేరుగా అసలు టేబుల్‌లో పోయదు. ముందు ఒక తాత్కాలిక టేబుల్‌లో, అన్నింటినీ మామూలు టెక్స్ట్‌గానే పెడుతుంది. అక్కడ ఒక్కో వరుసను చెక్ చేస్తుంది. ఖాతా నంబర్‌లో సరిపడా అంకెలున్నాయా? తేదీ సరైనదేనా? ఖాళీలున్నాయా?

తప్పు కనిపిస్తే ‘ఎర్రర్’ అని ఊరుకోకూడదు. ‘212వ వరుసలో పిన్‌కోడ్‌కు 5 అంకెలే ఉన్నాయి’ అని స్పష్టంగా చెప్పాలి. అప్పుడే ఫైల్ పంపినవాళ్లు సరిదిద్దగలరు.

ఇక రెండోది, డూప్లికేట్లు. నెట్ స్లోగా ఉందని బటన్ రెండుసార్లు నొక్కితే ఒకే పేరు రెండుసార్లు చేరకూడదు. అందుకే రోల్ నంబర్, ఉద్యోగి ఐడీ లాంటి గుర్తింపు నంబర్‌ను ఒక్కసారే ఒప్పుకునేలా డేటాబేస్‌లో రూల్ పెడతారు.

మూడోది, ట్రాన్సాక్షన్. 5,000 వరుసల్లో 3,000 ఎక్కాక కరెంట్ పోయిందనుకుందాం. ట్రాన్సాక్షన్ ఉంటే ఆ 3,000 కూడా రద్దవుతాయి. మళ్లీ మొదటి నుంచి పంపొచ్చు. సగం ఎక్కి, సగం ఆగిన పరిస్థితి రాదు.

మరి ఒక్క తప్పు వరుస కోసం మిగతా 4,999 మందినీ ఆపాలా? అది పనిని బట్టి ఉంటుంది. పద్దు మొత్తం కలిసి తేలాల్సిన చోట అన్నింటినీ ఆపడమే మంచిది. లబ్ధిదారుల జాబితా లాంటి చోట సరైనవి తీసుకుని, తప్పున్నవి పక్కన పెట్టి, ఆ లిస్ట్ చేతికివ్వడం మేలు. చెప్పకుండా వదిలేయడం మాత్రం ఎక్కడా పనికిరాదు.

షీట్ తయారు చేసేవాళ్లు ఏం చేయాలి?

- ఖాతా, ఫోన్, డోర్ నంబర్ల కాలమ్‌లను టైప్ చేయకముందే ‘టెక్స్ట్’గా సెట్ చేయండి. తర్వాత మార్చినా పోయిన అంకెలు తిరిగి రావు.

- సీఎస్‌వీ ఫైల్‌ను డబుల్ క్లిక్ చేసి తెరవొద్దు. ఎక్సెల్‌లోని ‘డేటా’ మెనూ నుంచి ఇంపోర్ట్ చేసి, ఆ కాలమ్‌లకు ‘టెక్స్ట్’ ఎంచుకోండి.

- తేదీని 2024-04-03లా సంవత్సరం ముందుండేలా రాయండి.

- పైన పెద్ద హెడ్డింగ్, మధ్యలో కలిపేసిన సెల్స్, చివర టోటల్ వరుస తీసేయండి. లేదంటే ‘టోటల్’ కూడా ఒక మనిషి పేరుగా ఎక్కొచ్చు.

- సేవ్ చేసేటప్పుడు ‘సీఎస్‌వీ యూటీఎఫ్-8’ ఎంచుకోండి.

- జేసన్ ఫైల్ పంపిస్తుంటే ఖాతా నంబర్లను కొటేషన్లలో పెట్టండి. అప్పుడే సున్నాలు నిలుస్తాయి.

చివరి చెక్ మర్చిపోవద్దు

అప్‌లోడ్ అయ్యాక రెండు నిమిషాలు ఆగండి. షీట్‌లో ఎన్ని వరుసలున్నాయో, వెబ్‌సైట్‌లో ఎన్ని కనిపిస్తున్నాయో చూడండి. డబ్బుల కాలమ్ ఉంటే మొత్తం కూడి రెండు చోట్లా సరిపోల్చండి. మొదటి పేరు, చివరి పేరు, మధ్యలో కొన్ని పేర్లు తెరిచి అంకెలు చూడండి. ఒరిజినల్ ఫైల్‌ను మాత్రం డిలీట్ చేయొద్దు. ఎవరైనా ‘నా పేరు ఎందుకు లేదు?’ అని వస్తే, తప్పు ఎక్కడ జరిగిందో చూపించేది ఆ ఫైలే.