వ్రాతకు వెల కట్టేదెవరు?

అక్షరాన్నీ బొమ్మనూ ఒకే క్రియతో చెప్పుకున్న భాష మనది. నేడు బొమ్మ గీశామంటాము గాని, మన పూర్వులు చిత్తరువును వ్రాసేవారు. సంస్కృతంలోని లిఖ్ ధాతువుకూ ఈ రెండర్థాలూ ఉన్నాయి. అందుకే వ్రాతకు లేఖనమనీ, బొమ్మకు చిత్రలేఖనమనీ పేర్లు వచ్చాయి. నిఘంటువులో నిద్రిస్తున్న ఈ అర్థం జనవ్యవహారంలో మేలుకొని ఉన్న ఊరు శ్రీకాళహస్తి. వెదురుకలంతో గుడ్డమీద దేవతలను తీర్చే అక్కడి విద్యను లోకం కలంకారీ అనే పారశీకపు పేరుతో ఎరుగును. పనివారు మాత్రం దానిని వ్రాతపని అన్నారు.

వ్రాసినవానికి ఆ వ్రాతవల్ల బ్రతుకుతెరువు ఎట్లా దొరుకుతుంది? కవుల విషయంలో ఈ చర్చ మనకు కొత్తది కాదు. రాజును ఆశ్రయించినవారినీ, హలాన్ని నమ్ముకున్నవారినీ పోల్చి చూపి, పరీక్షలలో ప్రశ్నలు కూడా ఇస్తున్నాము. కాని బొమ్మ వ్రాసి, దానిని తానే భుజాన వేసుకొని పోయి, తానే వెల చెప్పి అమ్ముకొనే స్వతంత్ర చిత్రకారుని గురించి మన సాహితీలోకం అంతగా ఆలోచించినట్లు కనపడదు. మన దక్షిణ రాయలసీమలో అతనికి కాళహస్తి వ్రాతగాడే చక్కని ఉదాహరణ.

శ్రీకాళహస్తి తిరుపతికి సుమారు 40 కిలోమీటర్ల దూరాన స్వర్ణముఖీనది ఒడ్డున ఉన్నది. 2022 ఏప్రిల్ వరకు చిత్తూరు జిల్లాలో భాగం. తరువాత కొత్తగా ఏర్పడిన తిరుపతి జిల్లాలో చేరింది. కలంకారీ అనగానే చాలామంది మచిలీపట్నం, పెడన బట్టలను కూడా దీనితో కలిపి ఊహించుకుంటారు. ఆ రెండు చోట్లా ప్రధానమైనది చెక్క అచ్చులతో అద్దకం. ఒకసారి అచ్చు చెక్కితే అదే పువ్వు వేయిసార్లు పూస్తుంది. కాళహస్తిలో అచ్చు లేదు, కలమే ఉన్నది. ప్రతి రేఖా మళ్లీ మొదటి రేఖే. ఒకే వ్రాతగాడు రెండుసార్లు వ్రాసిన సీతమ్మ ముఖాలు కూడా అచ్చంగా ఒకటి కావు.

ఆ రేఖ వెనుక ఉన్న శ్రమను కొంత తెలుసుకోనిదే దాని వెల సంగతి మాట్లాడలేము. కోరాబట్టను ఉతికి, కరక్కాయ పొడి కలిపిన ఎనుము పాలలో నానబెట్టి ఆరవేస్తారు. పాలలోని వెన్న రంగును ప్రక్కకు ప్రాకనీయదు. కరక్కాయలోని వగరు రంగును పట్టి ఉంచుతుంది. చింతపుల్లలను కాల్చిన బొగ్గుతో ముందు బొమ్మను తేలికగా తీరుస్తారు. పిమ్మట కలం. వెదురుపుల్లను ఒక కొసన చెక్కి, దానిపై ఉన్నిపీలికనో గుడ్డపీలికనో చుట్టి దారంతో బిగిస్తే అదే కలం. ఆ చుట్టును వ్రేళ్లతో మెల్లగా నొక్కుతూ ఉంటే రంగు మొనకు దిగుతుంది. ఇనుపతుక్కు, బెల్లం, నీరు కలిపి మూడు వారాలపాటు పులియబెట్టిన కసిం అనే ద్రవంలో ఆ కలాన్ని ముంచి వ్రాస్తే, కరక్కాయ వగరు తగలగానే గీత నల్లనై నిలిచిపోతుంది. బొగ్గుగీతను దులిపివేయవచ్చు, కసిం గీతను చెరపడానికి వీలు లేదు. కవికి కొట్టివేత ఉన్నది, కాళహస్తి వ్రాతగానికి అది లేదు.

ఎరుపు కావలసినచోట పటికనీరు పూసి, పారే నీటిలో జాడించి, చిరివేరు, మంజిష్ఠ వంటి వేళ్ల రంగుతో కాగులో ఉడికిస్తారు. పటిక తగిలినచోటనే ఎరుపు అంటుతుంది. మిగిలిన నేలను పేడనీటితోను ఎండతోను తెలుపు చేస్తారు. కరక్కాయపువ్వు పసుపునిస్తుంది; నీలిమందు నీలాన్నిస్తుంది; పసుపుమీద నీలం పడితే ఆకుపచ్చ. ప్రతి మెట్టుకూ ఉతుకు, ప్రతి ఉతుకుకూ ఎండ. మబ్బు పట్టితే పని ఆగుతుంది. నదిలో నీరు పారకపోతే మిగిలిపోయిన పటిక కొట్టుకొనిపోక నేలమీద మరకలు పడతాయి. స్వర్ణముఖి ఏడాది పొడుగునా పారే నది కాదు. అందుచేత నీరు వెదకుకోవడం కూడా చిత్రకారుని పనిలో ఒక భాగమే.

ఈ విద్య మర్మం పరదేశీయులను కూడా ఆకర్షించింది. కోరమండల తీరపు అద్దకపు బట్టల మోజు ఐరోపాలో ఎంతగా పెరిగిందంటే, స్వదేశపు నేతగాండ్రను కాపాడుకోవడానికి ఫ్రాన్సు 1686లోను, ఇంగ్లండు 1700లోను మళ్లీ 1721లోను నిషేధపు శాసనాలు చేయవలసి వచ్చింది. కెర్దూ అనే ఫ్రెంచి పాదిరీ 1742లో వ్రాసిన లేఖలో కరక్కాయ, ఎనుము పాలతో మొదలుపెట్టి ఈ పద్ధతినంతా తన దేశానికి తెలియజేశాడు. సంస్కృతానికి గ్రీకు, లాటిను భాషలతో చుట్టరికమున్నదని గుర్తించిన తొలివారిలో ఆయన ఒకడు. పదాల బంధుత్వం పసికట్టిన బుద్ధికి రంగుల మర్మమూ దొరికింది!

తీరపు బట్టలు సముద్రాలు దాటగా, కాళహస్తి తెరలు గుడి చుట్టూనే తిరిగాయి. నడుమ పట్టాభిషేకమో, కల్యాణమో. చుట్టూ అరలు అరలుగా కథ. ప్రతి అర క్రింద తెలుగులో రెండు ముక్కల వ్రాత. చదువు రానివానికి బొమ్మ, వచ్చినవానికి అక్షరం. అట్టి 19వ శతాబ్దపు రామాయణపు తెర ఒకటి లండనులోని విక్టోరియా ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నది. గుడి తెర అడిగేది, జమీందారు ఖర్చు భరించేవాడు, వ్రాతగాడు వ్రాసేవాడు. అతనికి అంగడితో పని లేదు, పేరుతోనూ పని లేదు. మరబట్టలు వచ్చి, జమీందారీలు సన్నగిల్లిన పిమ్మట ఆ ఏర్పాటు కూలిపోయింది. మద్రాసు చిత్రకళాశాల అధిపతి హడవే 1917లో మద్రాసు రాజధానిలోని ఈ వృత్తిని గురించి ఒక గ్రంథమే ప్రచురించాడు. కాని గ్రంథం కూడు పెట్టదు కదా!

స్వాతంత్ర్యానంతరం 1952లో అఖిలభారత హస్తకళామండలి ఏర్పడింది. దానిని నడిపించిన కమలాదేవీ చట్టోపాధ్యాయ చొరవతో 1950వ దశకం చివరలో కాళహస్తిలో శిక్షణకేంద్రం వెలసింది. విద్య తెలిసిన కొద్దిమందిలో జొన్నలగడ్డ లక్ష్మయ్యగారు అక్కడ గురుస్థానంలో కూర్చున్నారు. ఆయన కుమారులు గురప్పశెట్టిగారికి 2008లో పద్మశ్రీ లభించింది. 2005-06లో శ్రీకాళహస్తి కలంకారీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. నేడు స్త్రీలు కూడా పెక్కుమంది కలం పట్టారు. విద్య బ్రతికింది. ఇక విద్యావంతుడు ఎట్లా బ్రతుకుతున్నాడన్నది ప్రశ్న.

అతని ముందు నేడు మూడు దారులున్నాయి. మొదటిది కూలిదారి. వర్తకుడు గుడ్డ ఇస్తాడు, నమూనా ఇస్తాడు, ఇన్ని చీరలకు ఇంత అని చెబుతాడు. నెల గడిచిపోతుంది, నెమలి, కమలం, మళ్లీ నెమలి. రెండవది లేపాక్షి వంటి ప్రభుత్వపు అంగళ్లకు సరుకిచ్చి డబ్బుకోసం వేచి ఉండడం. మూడవది తన గుడ్డ, తన రంగు, తన ఊహ పెట్టి తెర వ్రాసి, ఢిల్లీ హాట్‌కో హైదరాబాదు శిల్పారామానికో మోసుకొనిపోయి తానే అమ్మడం. దీనినే స్వతంత్రవృత్తి అంటున్నాము. ఇందులో లాభమూ తనదే, నష్టమూ తనదే. సంతలో కూర్చున్నన్నాళ్లూ కలం ఆగిపోతుంది. కలం పట్టినన్నాళ్లూ సంత ఆగిపోతుంది.

ఆ సంతలో కొనవచ్చినవారు మొదట అడిగే మాట, “మీటరెంత?” ఈ ఒక్క మాటలో కష్టమంతా ఇమిడి ఉన్నది. గుడ్డకు మీటరు లెక్క సరిపోతుంది గాని రేఖకు సరిపోతుందా? పద్యాన్ని అక్షరాలు తూచి కొంటామా? వ్రాతగాడు చెప్పవలసిన వెలలో గుడ్డ, రంగులు, కట్టెలు కేవలం ఒక వంతు. కాగు దగ్గర పొగలో నిలుచున్న ఇల్లాలి శ్రమ, మబ్బుపట్టి ఊరకపోయిన దినాలు, అమ్ముడుపోక పెట్టెలో ఉన్న తెరలపై చిక్కుకొన్న పెట్టుబడి, కథనంతా కంఠస్థం చేసిన చిన్ననాటి అభ్యాసం కూడా అందులో చేరాలి. ఇవేవీ గుడ్డమీద కనపడవు. అందుచేత బేరంలో మొదట తెగిపోయేవి ఇవే.

కాళహస్తి ధూర్జటి పుట్టిన గడ్డ అని మనకు గర్వం. రాజసేవను ఆయన ఎంతగా నిరసించాడో శతకం చదివినవారికి తెలుసు. ఆ ఊరి వ్రాతగానికి నేడు సేవించడానికి రాజే లేడు. అయినా అతను పూర్తిగా స్వతంత్రుడైనాడని చెప్పలేము. ఒక ప్రభువు స్థానంలో పేరు తెలియని వేయిమంది కొనుగోలుదారులు వచ్చారు. వారి అభిరుచి ఎటు వంగితే కలమూ అటే వంగవలసి వస్తున్నది. దుప్పట్టామీద నాలుగు పువ్వులు త్వరగా అమ్ముడుపోతాయి, కిష్కింధకాండ అమ్ముడుపోదు. కథ వ్రాయని చేయి నాలుగేండ్లకు కథను మరచిపోతుంది. నిజమైన నష్టం ఇదే. ఇది ఏ జమాఖర్చులోనూ వ్రాయబడదు.

ఈ చిక్కు మన ఊరిది మాత్రమే కాదు. జర్మనీలోని న్యూరెంబర్గులో ఆల్బ్రెక్ట్ డ్యూరర్ 1471 నుంచి 1528 వరకు జీవించాడు. తన చెక్కుడుచిత్రాలను తానే అచ్చువేసి తానే అమ్మించాడు. ఆయన భార్య ఆగ్నెస్ వాటిని ఫ్రాంక్‌ఫర్టు సంతలో అమ్మేది. 1509లో హెల్లర్ అనే వర్తకునికి వ్రాసిన జాబులలో, నెలల తరబడి తీర్చే వర్ణచిత్రంకంటే చెక్కుడుపనియే తనకు గిట్టుతుందని మొరపెట్టుకున్నాడు. అయితే డ్యూరర్ ఒక పని చేశాడు. ప్రతి బొమ్మమీదా తన పేరులోని మొదటి అక్షరాలను ముద్రగా నిలిపాడు. కొనేవారు ఆ ముద్రను అడిగి కొనడం నేర్చుకున్నారు.

మన పత్రికల చిత్రకారుల విషయమూ ఇటువంటిదే. మూలనున్న “బాపు” అన్న రెండక్షరాలను, “వ.పా.” అన్న పొడి అక్షరాలను చూసి, కథ చదవక ముందే ఆనందించిన తరాలు మనవి. ఆ సంతకం బొమ్మకు అలంకారం మాత్రమే కాదు. ఈ రేఖకు ఒక కర్త ఉన్నాడనే సాక్ష్యం. కాళహస్తి తెరలమీద దేవుళ్ల పేర్లున్నాయి, వానరుల పేర్లున్నాయి. వ్రాసినవాని పేరు చాలాకాలం లేదు. గుడికి వ్రాసినప్పుడు అది వినయం. అంగడికి వ్రాసేటప్పుడు అదే వినయం అతనికి కీడు చేస్తుంది. పేరు లేని వస్తువుకు మీటరు లెక్క తప్ప వేరొక లెక్క ఎక్కడిది?

పైగా నేడు యంత్రం మరొక చిక్కు తెచ్చిపెట్టింది. వ్రాతగాడు తన తెరను ఫోనులో చూపించి దూరదేశాలవారికి అమ్మగలుగుతున్నాడు, సంతోషమే. కాని ఆ చిత్రాన్నే ఎవరైనా తీసుకొని స్క్రీనుపైనో, కంప్యూటరుతోనో ముద్రించి, కలంకారీ అనే పేరుతోనే అమ్మవచ్చు. నెల రోజుల శ్రమను ఒక గంట అనుకరిస్తుంది. అంగడిలో రెండూ ప్రక్కప్రక్కనే వ్రేలాడతాయి. భౌగోళిక గుర్తింపు చట్టం ఊరి పేరును కాపాడగలదు గాని, చూపు లేని కంటికి చూపునివ్వలేదు.

కాబట్టి చూడడం నేర్చుకోవలసినది మనమే. ఇది కష్టమైన విద్య కాదు. ఒకే బట్టమీద రెండు పువ్వులను పోల్చి చూడండి. అణుమాత్రమైనా భేదం లేకపోతే అది కలం పని కాదు. గీతను గమనించండి, చేతితో వ్రాసిన గీత కలం నిండుగా ఉన్నప్పుడు లావై, కొసకు వచ్చేసరికి సన్నగిలుతుంది. బట్టను తిరగవేయండి, కసిం సాధారణంగా వెనుకకూ దిగి ఉంటుంది. దగ్గరగా పట్టి చూస్తే పాలు, కరక్కాయ కలిసిన వాసన కొన్నాళ్లు వదలదు.

వ్రాతగాండ్రు చేసుకోవలసినదీ కొంత ఉన్నది. కూలిపనిని పూర్తిగా మానుకొమ్మనడం, కడుపు నిండినవారు చెప్పే నీతి. కాని ఏడాదికి ఒక్కటైనా కథాతెర తన కోసం వ్రాసుకొని, దాని మూలన తన పేరూ, ఊరూ, సంవత్సరమూ అదే కలంతో, అదే కసింతో నిలిపితే, ఆ ఒక్క తెర మిగిలిన దుప్పట్టాలన్నిటికీ వెల పెంచుతుంది. మన కళాశాలలు, గ్రంథాలయాలు గోడలకు అచ్చుపటాలు తగిలించడం మాని అటువంటి తెరను ఒక్కొక్కటి కొంటే, ప్రబంధం చెప్పే పంతులుకు వేరొక వ్యాఖ్యానం అక్కరలేదు.

వెల కట్టేది వర్తకుడు కాదు, ప్రభుత్వమూ కాదు. కొనేవాని ప్రశ్నయే వెల కడుతుంది. అంగడిలో మన నోట “మీటరెంత?” అన్న మాట వచ్చినన్నాళ్లూ వ్రాతగాడు గుడ్డ అమ్ముకొనేవాడుగానే ఉంటాడు. “ఈ వ్రాత ఎవరిది?” అని ముందుగా అడిగిననాడు అతను కర్త అవుతాడు. కవి పేరు తెలియకుండా పద్యం చదవడానికి ఒప్పుకోని మనకు, ఆ ప్రశ్న అడగడం కష్టం కారాదు.