మార్కులు మారాయి... పాట మారిందా?

పండక్కి మా అన్నయ్య వచ్చాడంటే మా ఇంట్లో రెండు ఖాయం. ఒకటి అరిసెలు, రెండోది పాటల మీద గొడవ.

మొన్న సంక్రాంతికీ అదే జరిగింది. భోజనాలయ్యాక మా అమ్మాయి ఫోనులో ఏదో చదువుతూ, "మామయ్యా, ప్రపంచంలోకెల్లా గొప్ప ఆల్బమ్ ఏదో చెప్పు చూద్దాం" అంది.

"సార్జెంట్ పెపర్స్. బీటిల్స్. 1967. ఇందులో అడగడానికేముందే?" అన్నాడు అన్నయ్య తడుముకోకుండా.

"నీ బీటిల్స్ ఆల్బమ్ ఇప్పుడు ఇరవై నాలుగో నంబరు మామయ్యా!" అని అది నవ్వేసరికి అన్నయ్య మొహం చూడాలి... స్కూలు ఫస్టొచ్చిన కొడుక్కి రీకౌంటింగులో మార్కులు తగ్గాయని విన్న తండ్రిలా అయిపోయాడు.

ఆల్బమ్ అంటే మనకు తెలియనిదేం కాదు. క్యాసెట్ల రోజుల్లో ఒక క్యాసెట్టు, అంతకు ముందు ఒక ఎల్పీ రికార్డు. పదో పన్నెండో పాటలు ఒక వరసలో కూర్చినది. అలాంటివాటిలో అత్యుత్తమమైన 500 ఏరి, వాటికి ర్యాంకులిచ్చింది రోలింగ్ స్టోన్ అనే అమెరికన్ పత్రిక. మొదటిసారి 2003లో. సంగీతకారులు, విమర్శకులు, రికార్డుల వ్యాపారంలో ఉన్నవాళ్లు సుమారు 270 మంది ఓట్లు వేశారు. సార్జెంట్ పెపర్స్‌కి మొదటి ర్యాంకు. మొదటి పదిలో నాలుగు బీటిల్స్‌వే. ఆ పదిలో ఒక్క ఆడమనిషి ఆల్బమ్ కూడా లేదు. ఒక స్త్రీ సొంత పేరుతో చేసిన ఆల్బమ్ కనిపించాలంటే 30వ నంబరు దాకా దిగాలి. అది కెనడా గాయని జోనీ మిచెల్ 1971లో చేసిన 'బ్లూ'.

2020లో అదే పత్రిక మళ్లీ కొత్తగా ఓట్లు వేయించింది. ఈసారి 300 మందికి పైగా. ఒక్కొక్కరు తమకు నచ్చిన యాభై ఆల్బమ్‌లు వరసగా రాసి పంపారు. బియాన్సే, టేలర్ స్విఫ్ట్, బిల్లీ ఐలిష్ లాంటి వాళ్లూ ఓటర్లే. ఫలితం? మార్విన్ గే 'వాట్స్ గోయింగ్ ఆన్' ఆరు నుంచి ఒకటికి వచ్చింది. 'బ్లూ' ముప్ఫై నుంచి మూడుకి ఎక్కింది. లోరిన్ హిల్ 1998లో చేసిన 'ది మిస్ ఎడ్యుకేషన్ ఆఫ్ లోరిన్ హిల్' 312 నుంచి ఏకంగా పదికి!

"మొహమాటం మార్కులే ఇవి. ఆడవాళ్లు, నల్లవాళ్లు అని వేసేశారు" అన్నాడు అన్నయ్య.

నేను అరిటాకులు తీస్తున్నదాన్ని ఆగిపోయాను.

చెవి ఎవరికుంది?

ఆగడానికి ఒక పాత కారణం ఉంది. నేను ఇంటర్ చదివే రోజుల్లో మా ఇంట్లో టేప్‌రికార్డర్ అన్నయ్యది. ఇంగ్లిషు క్యాసెట్లన్నీ వాడివే. వాడి స్నేహితులొస్తే గదిలో గంటలకొద్దీ చర్చ. కాఫీలు పట్టుకెళ్లేది నేను. ఒకసారి నా స్నేహితురాలు వాళ్ల బాబాయి దగ్గర్నించి ఒక క్యాసెట్ తెచ్చిచ్చింది. కేరల్ కింగ్ 'టేపెస్ట్రీ'. ఇంగ్లిషు సగమే అర్థమయ్యేది. కానీ ఆ గొంతు, ఆ పియానో... ఎవరో పక్కింటి అక్క పెరట్లో కూచుని తన బాధ తను చెప్పుకుంటున్నట్టుండేది. ఇష్టంగా వింటుంటే అన్నయ్య వచ్చి, "ఈ ఏడుపు పాటలేమిటే? మ్యూజిక్ వినాలంటే చెవి ఉండాలి" అని తీసేశాడు. స్నేహితులంతా నవ్వారు.

చిన్న మాటే. కానీ ఆ తర్వాత ఏ పాట నచ్చినా పైకి చెప్పడం మానేశాను. నాకు చెవి లేదనే అనుకున్నాను, ముప్ఫై ఏళ్లకు పైగా!

ఆ కేరల్ కింగ్ ఎవరో ఇప్పుడు తెలుసుకుంటే సిగ్గేసింది. టీనేజి దాటకముందే భర్త జెర్రీ గాఫిన్‌తో కలిసి వేరేవాళ్ల కోసం హిట్ పాటలు కట్టింది. ఇద్దరాడపిల్లల తల్లి. ఆ పెళ్లి విడిపోయాక, 1971లో తన పాటలు తనే పాడుకుంటూ 'టేపెస్ట్రీ' చేసింది. అది అమెరికాలో 15 వారాలు నంబర్ వన్. 1972లో నాలుగు గ్రామీలు. అట్ట మీద బొమ్మ చూశారా? మేకప్పూ హంగూ ఏమీ లేకుండా, కిటికీ పక్కన చెప్పుల్లేని కాళ్లతో కూచున్న ఆవిడ, ముందొక పిల్లి!

బ్లూ వెనక కథ

'బ్లూ' ఎందుకంత పైకొచ్చిందో తెలుసుకుందామని అమ్మాయిని పెట్టమన్నాను. ఎక్కువగా గిటారు, పియానో, డల్సిమర్ అనే తీగల వాయిద్యం... అందులో 'లిటిల్ గ్రీన్' అని ఒక పాట. 1965లో జోనీకి ఇరవై ఒకటో ఏట పెళ్లి కాకుండానే పాప పుట్టింది. చేతిలో డబ్బు లేదు, అండ లేదు. పాపను పెంపకానికి ఇచ్చేసింది. ఆ సంగతి చాలా ఏళ్లు లోకానికి తెలియదు. ఆ పాట ఆ పాప గురించేనని తర్వాత తెలిసింది. తల్లీకూతుళ్లు మళ్లీ కలుసుకున్నది 1997లో. ఇది తెలిశాక విన్నాను... చెప్పొద్దూ, కళ్లు తుడుచుకోవాల్సి వచ్చింది.

అదే రోలింగ్ స్టోన్ పత్రిక 1970ల మొదట్లో జోనీ పాటల సంగతి పక్కనబెట్టి, ఆవిడకెవరెవరితో స్నేహమో చెప్పి ఎద్దేవా చేసింది. ఆ పత్రిక వ్యవస్థాపకుల్లో ఒకరైన జాన్ వెన్నర్ 2023లో రాక్ సంగీత మహామహుల ఇంటర్వ్యూలతో పుస్తకం వేశాడు. ఏడుగురూ తెల్ల మగవాళ్లే. ఆడవాళ్లెందుకు లేరని అడిగితే, ఆ మేధో స్థాయిలో మాట్లాడగలవాళ్లు లేరన్న అర్థం వచ్చేలా జవాబిచ్చాడు. జోనీ పేరు కూడా ఎత్తి, ఆవిడ ఆ పరీక్షకు నిలవదన్నాడు. దుమారం రేగి క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఫౌండేషన్ బోర్డులోంచి ఆయన్ను తీసేశారు.

"చెవి ఉండాలే" అన్న మాట ఒక్క మా ఇంట్లోదే కాదన్నమాట!

అడిగినవాళ్లను బట్టి

అందుకే అన్నయ్యతో అన్నాను, "2020లోది మొహమాటమైతే 2003లోది ఏమిటి? అప్పుడు మాత్రం ఒకరి ఇష్టం కాదా?"

ఆలోచించండి. 1971లో అచ్చయిన 'బ్లూ'లో 2003కీ 2020కీ మధ్య ఒక్క స్వరం మారలేదు. మారింది ఓటర్లు. అరేతా ఫ్రాంక్లిన్ సంగతీ అంతే. 'రెస్పెక్ట్' పాటను ముందు రాసి పాడింది ఓటిస్ రెడ్డింగ్, 1965లో. పనిచేసి ఇంటికొచ్చిన మగవాడు భార్యను మర్యాద అడిగే పాట అది. 1967లో అరేతా దాన్ని తిప్పి ఆడదాని నోట పెట్టింది. ఆ మాటను అక్షరం అక్షరం విడదీసి పలకడం ఆవిడ చేర్చిందే. వెనక గొంతు కలిపింది ఆవిడ చెల్లీ అక్కా. ఆ పాటున్న ఆల్బమ్ 2003లో 83, 2020లో 13. ఇక పాటల జాబితా వేరే ఉంది. అందులో 'రెస్పెక్ట్' 2004లో ఐదోది, 2021లో మొదటిది.

లోరిన్ హిల్‌ది మరీ విచిత్రం. ఇరవై రెండేళ్లకు, మంచి పేరొస్తున్న వేళ తల్లయింది. ముందు కెరీర్ చూసుకోమన్నవాళ్ల మాట కాదని కన్న ఆ కొడుకు మీద 'టు జయాన్' అనే పాట కట్టింది. రోలింగ్ స్టోన్ ఒకప్పుడు 312 అన్న ఆ ఆల్బమ్‌నే ఆపిల్ మ్యూజిక్ వాళ్లు 2024లో తమ వంద ఆల్బమ్‌లలో మొదటిది అన్నారు.

అలాగని అన్నయ్య మాట కొట్టిపారేయను. నాలుగు ట్రాకుల మిషన్ల మీద, నెలల తరబడి కూచుని సార్జెంట్ పెపర్స్‌లో బీటిల్స్ చేసిన ప్రయోగాలు చిన్నవి కావు. ఇరవై నాలుగన్నంత మాత్రాన అది తగ్గిపోదు. మూడన్నంత మాత్రాన 'బ్లూ' పెరిగిపోలేదు కూడా. ర్యాంకు పాట కొలత కాదు, ఎవర్ని అడిగారో చెప్పే లెక్క. కానీ అడగకపోతే నష్టం మాత్రం నిజం. 312లో ఉన్నదాన్ని వెతుక్కుని వినేదెవరు? నా టేపెస్ట్రీ క్యాసెట్ సంగతే చూడండి, ముప్ఫై ఏళ్లు అటక మీదే కదా ఉండిపోయింది!

ఇదంతా విని అన్నయ్య కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "సరేలే, మరి నీ లిస్టు చెప్పు" అన్నాడు.

పుట్టి బుద్ధెరిగాక మా అన్నయ్య నన్ను ఆ మాట అడగడం అదే మొదలు. నిజం చెప్పాలంటే వెంటనే నోట మాట రాలేదు. ఎప్పుడూ ఎవరూ అడగకపోతే జవాబు మాత్రం ఎక్కణ్నించి వస్తుంది?

ఆ రాత్రి అందరూ పడుకున్నాక పాల లెక్క పుస్తకం వెనకపేజీలో రాయడం మొదలుపెట్టాను. ఒకటి, టేపెస్ట్రీ. రెండో నంబరు దగ్గర 'బ్లూ' రాసి కొట్టేసి, మళ్లీ రాశాను. ఇంకా పదీ పూర్తి కాలేదు. మర్నాడు పొద్దున కాఫీ తాగుతూ అన్నయ్య ఆ పుస్తకం తిరగేసి, "ఇందులో బీటిల్స్ ఏరీ?" అని మళ్లీ గొడవ మొదలుపెట్టాడు. ఈసారి కాఫీ గ్లాసు పట్టుకుని నేనూ ఎదురుగా కూచున్నాను.

మరి మీ పాల లెక్క పుస్తకంలో ఏముంది? మిమ్మల్ని ఎవరైనా అడిగేదాకా ఆగకండి. ఇవాళే రాసి పెట్టుకోండి.