సముద్రం చూపారు, మెట్లు చూపలేదు

"అండమాను దీవుల్ని నలభైసార్లు చూసేశాం గదా, మళ్ళీ డబ్బు పోసి వెళ్ళడం దేనికి?" అన్నాను ఒకనాటి రాత్రి. మా యింట్లో ఎవరూ నవ్వలేదు.

నా మాటలో అతిశయోక్తి లేదు. 2024 వేసవి సెలవులు మొదలుకొని దీపావళి దాకా, రాత్రి భోజనాలు కాగానే మా వాడు టెలివిజనులో అండమాను వీడియోలు పెట్టేవాడు. ఇంటిల్లిపాదీ చాప మీద చేరేవాళ్ళం. ఒక్కొక్క వీడియోలో ఒక్కొక్క యువకుడు నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, ఇంత చవకలో ఇంత స్వర్గం ఇంకెక్కడా లేదంటూ చేతులు చాపేవాడు. అతని వెనక సముద్రం. అలాంటి నీలంరంగు మా వూరి పట్టుచీరల కొట్లో కూడా లేదని మా ఆవిడ తీర్పు.

పిల్లలకు అది సరదా. మా అమ్మకు మాత్రం సరదా కాదు. ఆమెకు డెబ్భైమూడేళ్ళు, మోకాళ్ళు రెండూ మొరాయించి చాలా కాలమయింది. మా చిన్నమామయ్య 1980 ప్రాంతంలో విశాఖపట్నంలో ఓడ ఎక్కి పోర్టుబ్లేరు వెళ్ళాడు. అక్కడే వుద్యోగం, అక్కడే కాపురం. 2021లో, మనుషులు మనుషుల దగ్గరకు వెళ్ళలేని ఆ కరోనా రోజుల్లో, అక్కడే కన్నుమూశాడు. కడసారి చూపు అమ్మకు దక్కలేదు. తమ్ముడు తిరిగిన యిల్లయినా ఒక్కసారి చూడాలని ఆమె కోరిక. చీటీ పాడి తెచ్చిన సొమ్ముతో బయలుదేరుతున్నాం. మళ్ళీ వెళ్ళగలమన్న ధీమా లేదు. అందుచేత ఆ యువకులు చెప్పేదాంట్లో నమ్మదగిందెంత, నమ్మరానిదెంత అన్నది మాకు కాలక్షేపపు ప్రశ్న కాదు.

పాఠం చెప్పి బతికేవాణ్ణి కనక, నాకు ఈ వీడియోలు చూడగానే మన ప్రబంధాలు గుర్తుకు వచ్చాయి. కావ్యంలో పద్ధెనిమిది వర్ణనలుండాలన్నారు లాక్షణికులు. నగరం, సముద్రం, ఋతువులు, సూర్యోదయం, చంద్రోదయం వగైరా. సముద్రం మొహం చూడని కవి కూడా సముద్రాన్ని వర్ణించి తీరవలసిందే. ఈ వీడియోలకూ అలాంటి నియమాలే వున్నాయి. విమానం కిటికీలోంచి దీవి కనపడాలి, కొబ్బరిబోండం తాగాలి, పడవ నురగ చిమ్మాలి, సూర్యుడు అస్తమించాలి. వర్ణన తప్పని నేననను. కాని వర్ణన చదివి ఎవడూ మూటాముల్లే సర్దుకోడు.

మనకు ఇంకొక సంప్రదాయం కూడా వుంది. చెన్నపట్నం సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరుగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న కాశీయాత్రకు బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగివచ్చారు. దారి పొడుగునా తన స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళెకు వ్రాసిన సంగతులే 1838లో "కాశీయాత్ర చరిత్ర"గా అచ్చయినాయి. మజిలీకీ మజిలీకీ దూరమెంత, బాట ఎలాంటిది, నీళ్ళు దొరుకుతాయా, దిగడానికి చోటున్నదా, అంగళ్ళున్నాయా — ఇవీ ఆయన పట్టించుకున్న సంగతులు. తన వెనక వచ్చేవాడి కాళ్ళను తలుచుకుని వ్రాసిన మనిషి ఆయన.

అప్పుడు నాకొక కొలబద్ద దొరికినట్టయింది. "ఇకమీదట వీడియోలో అందం చూడవద్దు, వీరాస్వామయ్యగారు అడిగే ప్రశ్నలకు జవాబుందేమో చూడండి" అన్నాను పిల్లలతో.

అలా చూస్తే నలభై వీడియోల్లో మిగిలినవి నాలుగో అయిదో. అందులోనూ బాగా వుపకరించింది తీసినవాడు చూపాలనుకున్నది కాదు. పొరపాటున పడిన దృశ్యం. హేవలాక్ దీవినుంచి ఎలిఫెంట్ బీచికి వెళ్ళే మరపడవ గురించి ఒకాయన వుత్సాహంగా చెప్పుకుపోతున్నాడు. ఆయన భుజం వెనక, తెర మూలన, ఎవరో ముసలావిడను ఇద్దరు మనుషులు రెక్కలు పట్టి పడవలోకి దింపుతున్నారు. మోకాలిలోతు నీళ్ళు. రెండు మూడు క్షణాల దృశ్యం. "అది మళ్ళీ వెయ్యరా" అంది అమ్మ. మూడుసార్లు వేయించుకుని చూసి, "ఇది నావల్ల కాదు" అని తేల్చేసింది. ఆ మూడు క్షణాలు మాకు ఒక పూట గొడవ తప్పించాయి.

రెండో సంగతి, వీడియో వయస్సు. పాలకు లాగే దీనికీ తేదీ చూడాలి. పాత వీడియోల్లో అండమానులో ఇంటర్నెట్టు వుండదని ఘోషిస్తారు. చెన్నైనుంచి సముద్రగర్భంలో వేసిన తీగ 2020 ఆగస్టులో పనిచెయ్యడం మొదలైన తరువాత ఆ మాట చెల్లలేదు. పేర్లు కూడా మారాయి. 2018 డిసెంబరులో హేవలాక్ స్వరాజ్ ద్వీపమయింది, నీల్ దీవి షహీద్ ద్వీపమయింది. 2024 సెప్టెంబరులో పోర్టుబ్లేరు శ్రీవిజయపురమయింది. వీడియోలో ఒక పేరు, టిక్కెట్టు మీద ఇంకొక పేరు చూసి, వేరే దీవికి సీట్లు కొన్నానేమోనని నేను ఒక రాత్రంతా కంగారుపడ్డాను. అంచేత రెండు పేర్లూ తెలిసి వుండడం మంచిది.

మూడోది, ఎవరి ఖర్చు మీద తీశారన్నది. హోటలువారి ఆతిథ్యం వుచితంగా పుచ్చుకున్నవాడు ఆ హోటల్లో చారు నీళ్ళగా వుందని చెబుతాడా? అతణ్ణి తప్పుపట్టను. ఉప్పు తిన్న నాలుక అంతే. ఒకే చోటి గురించి డబ్బు పెట్టి వెళ్ళినవాళ్ళు ముగ్గురు ఏం చెప్పారో కలిపి చూడాలి. తాళపత్ర ప్రతుల్లో పాఠాంతరాలు చూసుకోవడం లాంటిదే ఇదీ.

ఇక నాలుగోది, చూసినా అనుసరించకూడనిది. బారాటాంగ్ సున్నపురాతి గుహలకు వెళ్ళే రోడ్డు జారవా జాతివారి రక్షిత అరణ్యంలోంచి పోతుంది. పోలీసు కాపలాతో బళ్ళు జట్టుగా వెళ్ళాలి. దారిలో ఆగరాదు, వారిని ఫోటో తియ్యరాదు. వారి రక్షణకోసం 1956 నుంచీ చట్టం వుంది. అయినా ఒక వీడియోలో, "అదృష్టం వుంటే కనిపిస్తారు" అన్నాడొక పెద్దమనిషి, పులిని గురించి చెప్పినట్టు. జారవా స్త్రీలచేత యాత్రికుల కోసం నాట్యం చేయించిన వీడియో 2012లో బయటపడి దేశమంతా గగ్గోలయింది. 2025 మార్చిలో ఒక అమెరికా యువకుడు వీడియో కెమేరాతో సహా నిషిద్ధమైన ఉత్తర సెంటినెల్ దీవి మీద కాలుపెట్టి అరెస్టయ్యాడు. "మన వీధిలోకి బస్సులో జనం వచ్చి మన అమ్మమ్మను ఇలా చూస్తే?" అని మా అమ్మాయి తనంతట తానే అడిగింది. గుహలు మా పట్టికలోంచి ఆనాడే ఎగిరిపోయాయి.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా దెబ్బ తినలేదా అంటే, తిన్నాం.

స్వరాజ్ ద్వీపంలో రాధానగర్ బీచి సూర్యాస్తమయానికి ప్రసిద్ధి. అయిదుంబావుకు చేరితే చాలునని మేం నమ్మిన వీడియో చెప్పింది. మేం డిసెంబరులో అయిదూపదికే చేరాం. సూర్యుడప్పటికే మునిగిపోయాడు! ఆ వీడియో ఏప్రిల్లో తీసినది. తప్పు అతనిది కాదు, నాది. మన గడియారం నడిచేది కాకినాడ దగ్గరగా పోయే 82½ డిగ్రీల రేఖాంశాన్ని బట్టి. అండమాను అక్కడికి పది డిగ్రీలు తూర్పున వుంది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున నలభై నిమిషాలు ముందే పొద్దు పొడుస్తుంది, ముందే గుంకుతుంది. డిసెంబరులో అయిదింటి ప్రాంతంలోనే పొద్దు గుంకిపోతుంది. ఈ లెక్క బళ్ళో చదివినదే. బీచిలో గుర్తుకు వచ్చింది.

షహీద్ ద్వీపంలో మరొక పాఠం. అక్కడ సముద్రం తొలిచిన సహజమైన రాతివంతెన వుంది. వీడియోలో పిల్లలు దాని కింద పరుగెడుతున్నారు. మేం వెళ్ళేసరికి పోటు. నీళ్ళు నడుముదాకా వున్నాయి, వంతెన దూరంగా నిలబడి వుంది. పాటు సమయంలోనే వెళ్ళాలి. ఆ సమయం రోజుకు సుమారు యాభై నిమిషాలు జరుగుతుంది. అమావాస్య, పున్నములకు ఆటుపోట్లు ఎక్కువ. వీడియోలో తిథి వుండదు. అక్కడి పడవవాణ్ణి ముందుగా ఒక్కమాట అడిగితే సరిపోయేది.

అడగడం అన్నాను గనక మా అత్తయ్య మాట చెప్పాలి. అండమానులో బెంగాలీ, హిందీ, తమిళాల తరువాత ఎక్కువగా వినిపించేది తెలుగే. అయినా నలభై వీడియోలు చూసిన మేము, అక్కడ నలభై యేళ్ళకు పైగా వున్న మనిషికి ప్రయాణం పదిరోజులుందనగా ఫోను చేశాం. ఆవిడ బీచిల గురించి ఒక్కమాట చెప్పలేదు. మొదటి ప్రశ్న, "వదిన మెట్లెక్కగలదా, నాయనా?" అని. రెండోది, "తిరుగు విమానానికి ముందురోజు ఏ దీవిలోనూ వుండకండి. గాలి లేస్తే పడవలు ఆపేస్తారు. 2016 డిసెంబరులో తుపానుకి వెయ్యిమందికి పైగా హేవలాక్, నీల్ దీవుల్లో చిక్కుబడిపోతే నౌకాదళం వారొచ్చి తేవలసి వచ్చింది."

ఏ వీడియోలోనూ పడవ ఆగిపోలేదు. ఆగిపోయిన పడవను ఎవరు తీస్తారు? తీసినా ఎవరు చూస్తారు? ఆవిడ మాట మీద చివర ఒకరోజు ఖాళీ వుంచాం. ఆ ఖాళీరోజును చూసి మా వాడు మూతి ముడుచుకున్నాడు. సరిగ్గా మేం షహీద్ ద్వీపంనుంచి తిరిగి రావలసిననాడే గాలి లేచింది, పడవ కదలలేదు. జెట్టీ దగ్గర పెట్టెల మీద కూర్చున్న కొన్ని కుటుంబాలవారికి మరునాడే విమానం. వారి మొహాలు చూడలేకపోయాం. మా వాడు నెమ్మదిగా వచ్చి, "మామ్మగారు గట్టివారే నాన్నా" అన్నాడు.

కాబట్టి నేను తేల్చుకున్నదేమంటే, వీడియోలు పనికి రావనడం అన్యాయం. ఎక్కడికి వెళ్ళాలో ఎంచుకోవడానికి, ముఖ్యంగా ఎక్కడికి వెళ్ళకూడదో తెలుసుకోవడానికి, అవి వుపకరిస్తాయి. మాకు కౌంటరు ఎక్కడో, వరుస ఎంత పొడుగో జెట్టీలో ఎవరినీ అడగవలసిన పని లేకపోయింది. కాని అవి చూపేది చోటును, ప్రయాణాన్ని కాదు. ప్రయాణంలో ఎక్కువభాగం కాచుకోవడం, మొయ్యడం, ఎక్కడం, దిగడం. కత్తిరించి పారేసేదీ అదే. ఎప్పుడు వెళ్ళాలో పంచాంగాన్నీ గడియారాన్నీ అడగండి. ఎలా వెళ్ళాలో అక్కడ కాపురమున్నవారిని అడగండి.

పోర్టుబ్లేరు మెరకపల్లాల వూరు. మామయ్య యిల్లు మెరక మీద వుంది. రోడ్డునుంచి గుమ్మందాకా ముప్ఫయిరెండు మెట్లు. అత్తయ్య కిందికి దిగి వచ్చి, ఒక కుర్చీ కూడా పట్టించుకొచ్చింది. అమ్మ నా భుజం మీద చెయ్యి వేసి ఎక్కుతూ, ఎనిమిదేసి మెట్లకొకసారి ఆ కుర్చీలో కూర్చుని, ముప్పావుగంటకు పైకి చేరింది. పైమెట్టు అంచు ఒకచోట అరిగి గుంటపడి వుంది. "ఇక్కడే కూర్చుని చుట్ట కాల్చేవారు, వదినా" అంది అత్తయ్య.

అమ్మ అక్కడే కూర్చుంది. ఎదురుగా చెట్లసందున సముద్రం కనపడుతోంది. మా వాడు అలవాటుగా ఫోను తీశాడు. మళ్ళీ ఏమనుకున్నాడో, జేబులో పెట్టేసుకుని, మామ్మకు మంచినీళ్ళు తేవడానికి లోపలికి వెళ్ళాడు.