పాత కారు అడుగున తుప్పు: కొనేముందు చూడవలసినది, కొన్న పిదప చేయవలసినది

తెలంగాణ జిల్లాల నుండి తరాల క్రితం వలస వచ్చిన పద్మశాలీ కుటుంబాలు షోలాపూర్‌లోని అశోక్ చౌక్, సాఖర్ పేఠ్ పరిసరాలలో స్థిరపడిన సంగతి పాఠకులకు తెలిసినదే. ఇక్కడివారికి ముంబయిలోను, భివండీలోను బంధువులున్నారు. అక్కడి బంధువు తన కారును అమ్మదలచినపుడు నేతవాడలోని కుటుంబం దానిని కొనడం కద్దు. ధర తక్కువ, మనిషి నమ్మకస్తుడు, పైరంగు చెక్కుచెదరలేదు. అయినను క్రింద వంగి చూడనిదే బయానా ఇవ్వరాదు. బంధువు మోసగిస్తాడని కాదు. తన కారు అడుగున ఏమి జరుగుతున్నదో ఆయనకే తెలియకపోవచ్చును.

ఇనుమునకు నీరు, ప్రాణవాయువు రెండూ తగిలినపుడు తుప్పు పుడుతుంది. ఉప్పు చేరితే ఆ పని వేగిరమవుతుంది. ఉప్పు గాలిలోని తేమను లాగుకొని రేకును ఆరనీయదు. పైగా తుప్పు పట్టడం అతి స్వల్పమైన విద్యుత్ ప్రవాహంతో జరిగే మార్పు. ఉప్పునీరు ఆ ప్రవాహానికి దారి సుగమం చేస్తుంది. నేతవారికి ఇది కొత్త కాదు. రియాక్టివ్ రంగులు నూలుకు పట్టేందుకు అద్దకపు తొట్టిలో ఉప్పు వేస్తారు. అటువంటి అద్దకశాలలో ఇనుప గొట్టాలు పొరలు పొరలుగా రాలడం చూచినవారికి, సముద్రపు గాలిలో పదేండ్లు తిరిగిన కారు స్థితి వేరుగా చెప్పనక్కరలేదు. షోలాపూర్ పొడి ప్రాంతం గనుక ఇక్కడికి వచ్చిన పిదప తుప్పు ఆగిపోతుందని కొందరి నమ్మకం. నెమ్మదించవచ్చును గాని, రేకు మడతలలో ఇరుక్కున్న ఉప్పు కడగనిదే పోదు.

మరాఠీ మెకానిక్ దీనిని ‘గంజ్’ అంటాడు. పడుగుకు గంజి పెట్టి బలం చేకూర్చే ఇండ్లలో ఈ మాట కొంత నవ్వు పుట్టిస్తుంది. ఈ గంజ్ ఉన్న బలాన్నే తినివేస్తుంది.

బలమన్నది ఇక్కడ ముఖ్యం. లారీకి ఉన్నట్లు చిన్న కారుకు వేరుగా చాసిస్ ఉండదు. 1983లో వచ్చిన మారుతి 800 మొదలు నేటి చిన్న కార్ల వరకు అడుగు రేకు, దానికి అతికిన పెట్టె వంటి దూలాలే బరువును మోస్తాయి. కావున కారును సర్వీసింగ్ గుంత మీదికి ఎక్కించి చూడవలెను. చక్రాల పై గూళ్ళు, తలుపుల క్రింది గట్టు, జాకీ పెట్టే చోటు, సస్పెన్షన్ బిగించిన చోట్లు, బ్రేకు గొట్టాలు తప్పక పరిశీలించవలసినవి. స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా తట్టినపుడు గట్టి రేకు ఖంగుమంటుంది. చెడిన రేకు బొద్దుగా పలికి పెచ్చులు రాల్చుతుంది. గుడ్డ చుట్టిన అయస్కాంతం అంటుకొనని చోట లప్పం దట్టంగా ఉన్నదని గ్రహించవలెను. లోపలి తివాచీని ఎత్తి తేమ ఉన్నదేమో చూడవలెను. అడుగున కొత్తగా నల్లపూత కనబడితే సంతోషించరాదు, అనుమానించవలెను.

పైపై గోధుమరంగు తుప్పునకు భయపడనవసరం లేదు. అడుగును నీటితో బాగుగా కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, వైర్ బ్రష్‌తో గీకి, ఫాస్ఫారిక్ ఆమ్లం గల తుప్పు మందు పట్టించవలెను. ఆపై ప్రైమర్, దానిపై రబ్బరు లేక తారు జాతి పూత. తొందరపడి తడి మీద పూత వేస్తే తేమ లోపలే చిక్కుకొని రేకు కనబడకుండా కుళ్ళుతుంది. వేడెక్కే సైలెన్సర్ గొట్టంపైన, నీరు కారేందుకు ఉంచిన రంధ్రాలలోను పూత పడరాదు. ఈ పని చేసేటపుడు జాకీ ఒక్కదానినే నమ్మి కారు క్రింద దూరరాదు.

రంధ్రం పడితే లప్పం పనికిరాదు. చెడిన రేకు కోసి కొత్త రేకు వెల్డింగ్ చేయించవలెను. బ్రేకు గొట్టం తిని ఉంటే పూతతో సరిపెట్టక గొట్టాన్నే మార్పించవలెను. దసరాకో, పెండ్లికో పిల్లాపాపలతో హైదరాబాదు రహదారి పట్టే కారు అది. సస్పెన్షన్ బిగించిన చోటే రేకు చెడి ఉంటే ఎంత చవకకు ఇచ్చినా ఆ కారును వదులుకొనుటే మేలు.

వాడిన ఇంజిన్ ఆయిల్ అడుగున చల్లే అలవాటు కొందరికి ఉన్నది. అది రబ్బరు బుష్‌లను ఉబ్బించి పాడుచేస్తుంది. వేడి సైలెన్సర్‌పై పడితే నిప్పు ప్రమాదం. అంతకంటె వానాకాలం ముగియగానే అడుగును మంచినీటితో కడిగించుట, అద్దకశాల ఉప్పునీరు పారే మోరీ ప్రక్కన కారు నిలుపకుండుట ఖర్చు తక్కువ పనులు.